జానెడున్నర చక్రం

దొర మోటారు నడిపే పని అబ్రహాం చేతికి వచ్చిన రోజు అందరికన్నా ఎక్కువ సంతోషపడింది అతని మామ బాలరాజే. అబ్రహాం అలాగే అనుకున్నాడు.

వనపర్తికి దక్షిణంగా, కృష్ణ ఒడ్డుకు ఆమడ దూరంలో ఉన్న ఊరు వాళ్లది. ఆ ఊరి దొర పైకప్పు లేని మోటారు ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాడు. అది వచ్చినప్పటి నుంచి దాన్ని నడిపింది బాలరాజు. అబ్రహాంకు అతను మేనమామ. కలరా వచ్చి అబ్రహాం తల్లీ తండ్రీ ఒకే వారంలో పోతే, అతన్ని ఇంటికి తెచ్చుకుని, మోటారులో పక్కన కూర్చోబెట్టుకుని, పని నేర్పి, చివరికి కూతురు మణెమ్మనిచ్చి పెళ్లి చేశాడు. అబ్రహాంకు తండ్రి, గురువు, మామ అన్నీ ఆయనే.

ఒకరోజు గడిలో, తన కోటలాంటి ఇంట్లో, చుట్టాలు కూర్చుని ఉండగా దొర బాలరాజును పిలిచాడు.

"బాలరాజూ, ముసలోనివైతున్నవ్. ఎద్దుల బండ్లు గూడ మన మోటారును దాటి పోతున్నయ్. ఇగ నీ అల్లునికియ్యి."

చుట్టాలు నవ్వారు. బాలరాజు కూడా నవ్వాడు. నెత్తి మీది ఖాకీ టోపీ తీసి అక్కడికక్కడే అల్లుడి నెత్తిన పెట్టి, "బాంచెన్ దొరా, నా చెయ్యి ఎక్కడికి పోయింది? వాని చెయ్యే నా చెయ్యి" అన్నాడు. ఆ మర్నాటి నుంచి మోటారు కడిగే పని, షెడ్డు ఊడ్చే పని ఆయన చేశాడు. ఒక్కనాడు కూడా ముఖం చిన్నబుచ్చుకోలేదు.

ఆ ఏడు మాఘమాసంలో ఒక పెళ్లిలో పందెం పుట్టింది. నదికి అవతల, గద్వాల వైపు ఉన్న మరో ఊరి దొరకూ మోటారు ఉంది. మా మోటారు జోరంటే మా మోటారు జోరని మాట మీద మాట పెరిగింది. ఎండాకాలం నది తగ్గాక బీచుపల్లి ఒడ్డున గుండ్రంగా బాట గీసి, రెండు మోటార్లనూ దాని చుట్టూ తిప్పి తేల్చుకుందామన్నారు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కబురు పోయింది.

సూటి బాట మీద నడపడం వేరు, గుండ్రటి బాట మీద నడపడం వేరు. అబ్రహాంకు ఆ సంగతి మొదటి రోజే తెలిసివచ్చింది. గడి వెనక మొరం మైదానంలో కర్రలు పాతి వాటి చుట్టూ తిప్పి చూశాడు. మోటారుకున్న స్టీరింగు మూరెడు వెడల్పు. వంపు వచ్చిన ప్రతిసారీ దాన్ని చేతి మీద చెయ్యి వేసి తిప్పుతూనే ఉండాలి. సగం తిప్పేసరికి వంపు దాటిపోయేది. పైగా దాని అంచు తొడలకు తగిలేది.

"చిన్న చక్రమైతె ఎట్లుంటది మామ?" అని అడిగాడు.

"చేయించి చూద్దాం" అన్నాడు బాలరాజు. ఇద్దరూ వడ్రంగం చేసే వడ్ల కురుమయ్య దగ్గరికి పోయారు. కురుమయ్య కబుర్లు చెబుతూనే, చండ్ర చెక్కతో జానెడున్నర వెడల్పున చక్రం తొలిచి, కమ్మరి చేత నడుమ అడ్డంగా ఇనుప ఆకులు వేయించి ఇచ్చాడు. నూనె పట్టించిన ఆ చెక్క చేతికి ఎంతో బాగుంది.

దాన్ని బిగించి మొరం మైదానంలోకి దిగేసరికి అబ్రహాం ఎగిరి గంతేసినంత పని చేశాడు. చెయ్యి కాస్త కదిలితే చాలు, మోటారు పక్కకు మళ్లింది. కర్రలను ఆనుకుని దూసుకుపోయింది. కానీ అతను తొందరపడే మనిషి కాదు. అదే చక్రంతో దున్నిన చెలకలోకి దింపి చూశాడు. అక్కడ కథ మారిపోయింది. ముందు చక్రాలు మెత్తటి మట్టిలో కూరుకునేసరికి స్టీరింగు మొండికేసింది. రెండు చేతులూ బిగబట్టి లాగినా కదలలేదు. ఒక గడ్డ తగిలితే అదాటున వెనక్కి తిరిగి అరచేతుల చర్మం లేపేసింది. మూర చక్రం మళ్లీ బిగించి అదే చెలకలో తిప్పితే, నిదానంగానే అయినా మాట విన్నది. పెద్ద చక్రానికి తక్కువ బలం చాలు.

"నేల ఎట్లుంటె చక్రం గట్ల" అన్నాడు అబ్రహాం అరచేతులకు పసుపు పెట్టుకుంటూ. "గట్టి నేలైతె చిన్నది. మెత్తటి నేలైతె పెద్దదే. బీచుపల్లి పోయి నేల చూసి రావాలె మామ."

"మాట తప్పు లేదు" అన్నాడు బాలరాజు. "నేలను చూడకుండ చక్రం పెట్టెటోడు డ్రైవరే కాదు."

అబ్రహాం బయలుదేరాల్సిన పొద్దున మణెమ్మకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. మంత్రసాని వచ్చి కూర్చుంది. అబ్రహాం వాకిట్లో నిలబడి ఇటు చూసి అటు చూసి పరేషాన్ అవుతుంటే, బాలరాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు దాని కాడ ఉండు అల్లుడా. నది దాటి నేను పోయొస్త. నా కండ్లతోని చూస్తే నువ్వు చూసినట్టు కాదా?"

మర్నాడు ఆయన తిరిగి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టి ఉంది. మనవరాలిని చూసి, కాళ్లు కడుక్కుని, కుంటుతూ వచ్చి అరుగు మీద కూర్చుని, అల్లుడు అడగకముందే చెప్పాడు.

"నేల రాయి లెక్క ఉంది. మన మొరం గూడ దాని ముందర మెత్తగనే. కండ్లు మూసుకొని చిన్న చక్రం పెట్టు."

"వంపుల కాడ గూడ గట్లనే ఉందా?"

"అంత తిరిగి చూసిన్రా. మడిమె కొట్టి చూసిన. నొప్పి లేచింది గాని నేల లేవలే."

అబ్రహాం చిన్న చక్రమే బిగించాడు. ఎందుకైనా మంచిదని మూర చక్రాన్ని గోనెసంచిలో చుట్టి వెనక సీటు కింద పెట్టాడు. ప్రయాణం రోజున బాలరాజు దాన్ని బయటికి తీసి షెడ్డు గోడకు ఆనించాడు.

"రెండు మనసులతోని పందెం ఎక్కొద్దు" అన్నాడు. అబ్రహాంకు అది పెద్దవాళ్లు చెప్పే మంచిమాటలాగే వినిపించింది.

నీళ్లు తక్కువగా ఉన్న చోట ఎడ్లు కట్టి మోటారును నది దాటించారు. బీచుపల్లి ఆంజనేయుడికి దొర కొబ్బరికాయ కొట్టించాడు. ఒడ్డున జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. బొరుగులు, మిరపకాయ బజ్జీలు అమ్మేవాళ్లు అప్పటికే గుడారాలు వేశారు. అబ్రహాం మోటారు దిగి, పందెపు బాట వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. పాదం చీలమండ దాకా దిగబడింది.

బాట పొడవునా నడిచాడు. నడుమ కొంత దూరం గట్టిగానే ఉంది. రెండు వంపుల దగ్గరా ఇసుక. ఒట్టి ఇసుక.

"మామా! రాయి లెక్క ఉందంటివి గద!"

బాలరాజు వంగి పిడికెడు ఇసుక తీసుకుని వేళ్ల మధ్య నుంచి జారవిడిచాడు.

"నేను వచ్చిననాడు ఇది లేకుండె" అన్నాడు. "ఇది అవతలోళ్ల పనే. మన చిన్న చక్రం ముచ్చట తెల్సుకొని పోయించిండ్రు. దొంగ నాయాండ్లు."

"దొరకు చెప్పి పందెం ఆపుదామా?"

"ఇంతమంది ముందర? భయపడ్డడంటరు. నీ చేతుల బలముంది. పో బిడ్డా."

అబ్రహాంకు అవతలి వాళ్ల మీద ఒళ్లు మండింది. ఆ మంటతోనే మోటారెక్కాడు. అవతలి మోటారులో ఎల్లన్న అనే నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. అతని ముందు మూర చక్రం ఉంది. అది చూశాక అబ్రహాంకు అనుమానం కూడా మిగల్లేదు. వీళ్లే చేశారు.

తుపాకీ పేలింది. మొదటి వంపు దాకా అబ్రహాందే ముందు. వంపులో ముందు చక్రాలు ఇసుకలో దిగాయి. స్టీరింగు బిగుసుకుంది. సీటులోంచి లేచినంత పని చేసి, ఒంటి బరువంతా వేసి తిప్పాడు. మోటారు బద్ధకంగా మళ్లింది. ఎల్లన్న పెద్ద చక్రాన్ని చేతి మీద చెయ్యి వేసి నింపాదిగా తిప్పుకుంటూ లోపలి పక్కనుంచి దాటిపోయాడు. రెండో చుట్టులో గట్టి నేల మీద అబ్రహాం మళ్లీ అతన్ని అందుకున్నాడు. జనం కేకలు వేశారు. అవతలి వంపులోకి అదే జోరుతో దిగాడు. ఇసుక కింద ఒక బండరాయి ఉంది. ముందు చక్రం దాన్ని కొట్టింది. ఆ దెబ్బకు స్టీరింగు అతని చేతుల్లోంచి తప్పించుకుని గిర్రున తిరిగింది. కుడిచెయ్యి ఇనుప ఆకుల నడుమ చిక్కుకుంది. మణికట్టు విరిగిన చప్పుడు మోటారు హోరులో కూడా అతనికి వినిపించింది.

మోటారు కర్రలను పడగొట్టుకుంటూ పోయి ఆగింది. అందరికన్నా ముందు పరుగెత్తుకుని వచ్చింది బాలరాజు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉంది. "చెయ్యి ఏమైంది? చెయ్యి ఏమైందిరా?" అని అదే మాట పదే పదే అడిగాడు. దొర మాత్రం దగ్గరికి రాలేదు. అవతలి దొరతో చెయ్యి కలిపి, ఇటు తిరిగి కూడా చూడకుండా గుడారంలోకి పోయాడు.

నాటువైద్యుడు వెదురు బద్దలు వేసి కట్టు కట్టాడు. వారం తిరగకముందే దొర ఆ ఖాకీ టోపీని మళ్లీ బాలరాజు నెత్తిన పెట్టించాడు. అబ్రహాం తప్పుపట్టలేదు. చెయ్యి లేనివాడికి మోటారు ఎవరిస్తారు? మామకే వచ్చింది, పరాయివాడికి పోలేదు అనుకున్నాడు. ఊళ్లో కనబడ్డ ప్రతివాడికీ అవతలివాళ్లు ఇసుక పోయించి తన చెయ్యి విరగ్గొట్టారని చెప్పాడు. ఆ మాట నది దాటింది.

ఒక మధ్యాహ్నం ఎల్లన్న వచ్చి అబ్రహాం ఇంటి ముందు నిలబడ్డాడు. గద్వాల నుంచి వనపర్తికి ఏదో పని మీద పోతూ ఆగానన్నాడు. చేతిలో పండ్ల సంచి ఉంది. అబ్రహాం కూర్చోమనలేదు.

"కూసోను తమ్మీ. ఒక్క ముచ్చట చెప్పి పోత" అన్నాడు ఎల్లన్న. "మేము ఇసుక పోసినమని అంటున్నవట. నదొడ్డుకు ఇసుక ఎవడు మోసుకొస్తడు? అది కృష్ణమ్మ పోసిన ఇసుక. మా తాతలనాటి నుంచి గట్లనే ఉంది."

"మా మామ చూసినప్పుడు లేకుండె."

ఎల్లన్న చెప్పాలా వద్దా అని తటపటాయించాడు.

"మీ మామ వచ్చిననాడు ఆయనతోని నడిచింది నేనే. ఇసుకల దిగబడుతున్నయని చెప్పులిడిచి చేతుల పట్టుకున్నడు. ఆ బండరాయి కాలికి తాకి కుంటుకుంట నడిచిండు. నేను చిన్న చక్రం పెట్టుకుందామనుకుంటున్ననని చెప్పిన. వద్దు, ఈ ఇసుకల చిన్నది పెడితె చేతులు పోతయ్, పెద్దదే ఉంచుకో అన్నడు. మంచి మనిషి, అవతలోడైనా నా బాగు కోరిండు అనుకున్న. నీ మోటారుల చిన్న చక్రం చూసినంక నాకు సమజ్ కాలే. ఇప్పటిదాంక కాలే."

పండ్ల సంచి అరుగు మీద పెట్టి అతను వెళ్లిపోయాడు.

కట్టు కింద అబ్రహాం మణికట్టు సలుపుతోంది. అమ్మానాన్న పోయిన నాడు తనను ఎత్తుకున్న చేతులు, మొదటిసారి తన చేతిని స్టీరింగు మీద పెట్టి పట్టుకున్న చేతులు అవే కదా. ఎల్లన్న అబద్ధం చెబుతున్నాడని అనుకోవడానికి ఎంత ప్రయత్నించినా మనసు ఒప్పుకోలేదు. ఆ కుంటు తనూ చూశాడు. నేల చూసి వచ్చిన రోజు మామ కుంటుతూ ఇంట్లోకి వచ్చాడు. మడిమె కొట్టి చూశాను, అందుకే నొప్పి అన్నాడు.

తలుపు వెనక పిల్లకు పాలిస్తున్న మణెమ్మ అంతా విన్నది. బయటికి వచ్చి భర్త ముఖం చూసింది.

ఆ సాయంత్రం బాలరాజు గడి నుంచి నేరుగా ఇంటికి వచ్చాడు. నెత్తిన ఖాకీ టోపీ ఉంది. అరుగు ఎక్కుతూ మెట్టుకు కాలు తన్నుకుని తూలి, గోడ పట్టుకున్నాడు. అరుగు మీద కూర్చున్న అబ్రహాం కదల్లేదు.

"అల్లుడా, నీతోని ఒక పని పడ్డది" అన్నాడు బాలరాజు పక్కనే చతికిలబడి. "ఎల్లుండి దొరసానమ్మను తీస్కొని నాగర్‌కర్నూలు పోవాలె. జర నా పక్కన కూసోరాదు? ముందటి లెక్కనే."

"విరిగిన చెయ్యితోని నేనేం చేస్త?"

"చెయ్యి ఎందుకు? కండ్లు చాలు." బాలరాజు గొంతు తగ్గించాడు. "నాకు కండ్లు మసకైనయ్‌రా. రెండేండ్ల సంది. ఎదురుంగ వచ్చేది బండో బర్రో దగ్గరికొచ్చేదాంక తెల్వదు. నువ్వు పక్కన కూసోని మెల్లగ చెప్తుంటె నడిపిస్త. దొరకు తెల్వొద్దు."

అబ్రహాంకు అప్పుడు అర్థమైంది. ఎద్దుల బండ్లు దాటిపోయేంత నిదానంగా మామ ఎందుకు నడిపాడో, దొర తనను డ్రైవరు సీటు నుంచి దింపేసినా ఎందుకు నోరెత్తలేదో తెలిసింది.

"ఎల్లన్న వచ్చి పోయిండు మామ" అన్నాడు.

బాలరాజు ముఖంలో రంగు మారింది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెయ్యి విరుగుతదనుకోలేరా" అన్నాడు. "యేసు సాక్షి. ఓడిపోతవ్, గంతే అనుకున్న. ఓడితె దొర నిన్ను దింపుతడు, నన్ను ఎక్కిస్తడు, నువ్వు మల్ల నా పక్కన కూసుంటవ్. ఇద్దరం కలిసి నడుపుకుందుమనుకున్న. షెడ్డు ఊడ్చుకుంట ఎన్నొద్దులుంటరా నేను? ఊరంత చూస్తుంటె?"

"నాకు చెప్తె నేనే దిగిపోదును గద మామ! కండ్లు పోతున్నయని ఒక్క మాట చెప్తె, నీ పక్కన కూసోకపోదునా?"

అబ్రహాంకు ఏడుపు వచ్చింది. చెయ్యి విరిగినప్పుడు కూడా రాని ఏడుపు అది. అడిగితే ఇచ్చేదాన్ని దొంగిలించాడు. అంతకన్నా ఘోరం, 'పో బిడ్డా' అని ఆ ఇసుకలోకి తనే పంపాడు.

మణెమ్మ పిల్లను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. మనవరాలి అలికిడికి బాలరాజు అలవాటుగా చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"నాయినా, పొద్దుగాల గడికి పోయి టోపీ దొర కాళ్ల కాడ పెట్టు. కండ్లు కనవడ్తలేవని నీ నోటితోనే చెప్పు" అన్నది. "దొరసానమ్మను గుంతల పడేసినంక చెప్తవా?"

"నా గతేంగావాలె బిడ్డా?"

"నా మొగని గతేమైందో అది చూసినంక నీ గతి అడుగు."

"మణెమ్మా..."

"నీకు బువ్వ పెడ్త. నాయినవు గాబట్టి పెడ్త. టోపీ ఇచ్చి వచ్చేదాంక ఈ పిల్లను మాత్రం నీ చేతికియ్యను."

అంత గట్టిగా మాట్లాడిన మనిషి లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

బాలరాజు మర్నాడు పోయి చెప్పాడు. కండ్ల సంగతి మాత్రమే చెప్పాడు, ఇసుక సంగతి చెప్పలేదు. దొర ఆ టోపీ తీసుకుని, నెల తిరక్కుండా హైదరాబాదు నుంచి కొత్త డ్రైవరును తెప్పించాడు. అబ్రహాం మణికట్టు అతుక్కున్నది కానీ పూర్తిగా వంగేది కాదు. ఆ ఊళ్లో ఉండాలనిపించక, భార్యాపిల్లలతో అచ్చంపేట చేరి, నల్లమల నుంచి వెదురు దించే లారీ మీద పనికి కుదిరాడు. మొదట క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా. లోకంలో పెద్ద యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పుడు ఆ లారీకి బొగ్గు గ్యాసు పెట్టె తగిలించి నడిపాడు.

కొన్నాళ్లకు బాలరాజు చూపు పూర్తిగా పోయింది. మణెమ్మ పోయి తండ్రిని అచ్చంపేట తీసుకువచ్చింది. అబ్రహాం వద్దనలేదు. వాకిట్లో మంచం వేయించాడు, చలికాలం గొంగడి కొన్నాడు, జ్వరం వస్తే దవాఖానకు మోసుకుపోయాడు. మనవరాలు తాత చెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పేది. చూసినవాళ్లు అల్లుడంటే అలా ఉండాలని మెచ్చుకునేవాళ్లు. బాలరాజు ఎన్నిసార్లు మాట కలపబోయినా, అన్నం తిన్నవా, నీళ్లు కావాల్నా అన్నంతవరకే అబ్రహాం మాట్లాడేవాడు.

ఒకనాడు అబ్రహాం వెదురు దింపి లారీని ఇంటి ముందుకు తెచ్చి ఆపాడు. మంచం మీద కూర్చున్న బాలరాజు చెవి రిక్కించి విన్నాడు.

"అల్లుడా! ఎడమదిక్కు ముందటి చక్రంల బేరింగు అరుగుతున్నది. గరగర వినవడ్తుంది. ఘాటు రోడ్డు మీద నడుపకు, చక్రం ఊడిపోతది."

అబ్రహాంకు కూడా రెండు రోజులుగా ఆ చప్పుడు మీద అనుమానం ఉంది. మామ చెవి అలాంటి సంగతుల్లో తప్పు చెప్పదని అతనికి తెలుసు. ఒక క్షణం ఆయన వైపు తిరిగి చూశాడు. ముసలాయన ముఖం జవాబు కోసం ఎదురుచూస్తూ ఇటే తిరిగి ఉంది.

అబ్రహాం మళ్లీ లారీ ఎక్కి, నెమ్మదిగా బజారు చివర మరమ్మతు షెడ్డుకు పోనిచ్చి, అక్కడ పనిచేసే ముక్కూ మొహం తెలియని మేస్త్రీని పిలిచి అడిగాడు.

"జర ఎడమ చక్రం ఇప్పి చూడన్నా. ఏమైందో నువ్వే చెప్పు."